లారీ బెల్టుతో హైలైన్ కట్టొచ్చా? బెంగళూరులో స్లాక్‌లైన్ రిగ్గింగ్ గురించి వివరమైన జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: స్లాక్‌లైన్, అంటే రెండు చెట్ల మధ్య బిగించిన పట్టీ మీద నడిచే ఆట, మీకు అలవాటే. కబ్బన్ పార్కులో 15 మీటర్ల, 50 మి.మీ. రాచెట్ (పట్టీని బిగించే పళ్ల మీట) కిట్ మీద ఇద్దరూ బాగానే నడుస్తున్నారు. ఇప్పుడు కలాసిపాళ్యంలో దొరికే 5 టన్నుల లారీ బెల్టులు రెండు కలిపి 40 మీటర్ల లైను కట్టాలని ఉంది. ఆ తర్వాత రామనగర వైపు గుట్టల్లో కొండలెక్కేవాళ్లు ఇప్పటికే రాయిలో కొట్టి ఉంచిన క్లైంబింగ్ బోల్టులకు 25 మీటర్ల హైలైన్, అంటే చాలా ఎత్తున కట్టి, ఒంటికి తాడు కట్టుకుని నడిచే లైను. "5 టన్నుల బెల్టు 70 కిలోల మనిషిని మోయదా?" అన్నది అసలు ప్రశ్న.

ముందుగా జవాబు చెప్పేస్తాను. లారీ బెల్టులు కలిపి 40 మీటర్లు కట్టకండి. హైలైన్‌కు రాచెట్ అసలు వాడకండి. ఆ బోల్టులను ఇప్పుడు ముట్టుకోకండి. ఎందుకో తెలియాలంటే లైనులో పుట్టే లాగుడు లెక్కతో మొదలుపెట్టాలి.

బెల్టు మీద పడేది మీ 70 కిలోలు కాదు. మీరు మధ్యలో నిలబడినప్పుడు లైను ఎంత కుంగిందో చూడండి. ఆ కుంగును బట్టే లాగుడు మారుతుంది. లెక్క సులువే: మీ బరువును లైను పొడవుతో గుణించి, కుంగుకు నాలుగు రెట్లతో భాగించాలి. 15 మీటర్ల లైను 45 సెంటీమీటర్లు కుంగితే 70 × 15 ÷ (4 × 0.45), అంటే సుమారు 580 కిలోల లాగుడు. న్యూటన్లలో 5.7 కిలోన్యూటన్లు. అదే లైనును కాస్త వదులుగా కట్టి ఒక మీటరు కుంగనిస్తే లాగుడు 260 కిలోలకు పడిపోతుంది. 40 మీటర్ల లైను ఒక్క మీటరే కుంగేలా బిగిస్తే 700 కిలోలు, రెండు మీటర్లు కుంగనిస్తే 350. బట్టల తాడును సితారు తీగలా బిగించి తడి దుప్పటి వేస్తే మేకు ఊడొచ్చినట్టే, ఇక్కడ కూడా బిగువే ప్రమాదం. పైగా ఇవన్నీ మనిషి కదలకుండా నిలబడినప్పటి అంకెలు. ఎగిరితే, పడుతూ లైను పట్టుకుంటే క్షణకాలం ఇంతకు రెట్టింపు వరకూ రావచ్చు. సామాను ఎంచుకునేటప్పుడు ఆ రెట్టింపు అంకెనే పట్టుకోండి.

ఊహించి చెప్పడం కంటే కొలవడం మేలు. 20 లీటర్ల నీళ్ల డబ్బాలు మూడు లైను మధ్యలో వేలాడదీస్తే 60 కిలోల పైచిలుకు బరువు. డబ్బాలు లేనప్పుడు, ఉన్నప్పుడు రెండు చివరల మధ్య నేరుగా ఒక దారం పట్టి, లైను దాని కింద ఎంత ఉందో టేపుతో కొలవండి. పది నిమిషాల పని. ఖరీదైన లోడ్ సెల్ (లాగుడు కొలిచే పరికరం) లేకుండానే మీ యాంకర్ (లైను చివర కట్టిన చెట్టు లేదా బోల్టు) మీద ఎంత పడుతోందో తెలిసిపోతుంది.

ఇక ఆ 5 టన్నుల సంగతి. లారీ బెల్టు లేబుల్ మీద "ఎల్‌సీ 2500 డెకాన్యూటన్" అని ఉంటుంది. ఒక డెకాన్యూటన్ అంటే దాదాపు ఒక కిలో లాగుడు. అంటే తిన్నగా లాగితే వాడదగిన హద్దు రెండున్నర టన్నులే, తెగే హద్దు దానికి రెట్టింపు. దుకాణంలో "5 టన్ను" అనేది సాధారణంగా ఆ తెగే అంకె. సరుకు కట్టడానికి ఆ రెండు రెట్ల తేడా చాలు, మనిషి ఎక్కే లైనుకు చాలదు. లేబులే లేని బెల్టుకు ఏ అంకె చెప్పినా నమ్మకండి. అదే లేబుల్ మీద "ఎస్‌టీఎఫ్" అని 350 డెకాన్యూటన్ చుట్టుపక్కల ఇంకో అంకె ఉంటుంది. మామూలు చేతి బలంతో ఆ రాచెట్ తేగల బిగువు అది. 40 మీటర్ల లైను అంతకన్నా గట్టిగా కావాలనిపించి హ్యాండిల్‌కు ఇనుప పైపు తొడుగుతారు. రాచెట్ పళ్లు విరిగేది, వదిలేటప్పుడు హ్యాండిల్ మొహానికి తగిలేది సరిగ్గా ఆ పైపు వల్లే. రెండు బెల్టులను ముడితో కలిపితే ముడి దగ్గర బలం సగానికి దగ్గరగా పడిపోవచ్చు. కొక్కేలతో కలిపితే లైను మధ్యలో మీ మొహం ఎత్తున ఒక ఇనుప ముద్ద వేలాడుతుంది. బెల్టు తెగిన రోజు అది ఎటు దూసుకుపోతుందో చెప్పలేం. స్లాక్‌లైన్ వెనక్కి కొట్టి కంటికి గాయాలైన సంగతి కంటి వైద్యులు నమోదు చేసి ఉన్నారు.

15 మీటర్ల కిట్‌ను పారేయనక్కర్లేదు. మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు దాకా అది చక్కగా పనికొస్తుంది. కొన్ని సంగతులు మాత్రం పట్టించుకోండి. రాచెట్ కడ్డీ మీద వెబ్బింగ్ (నడిచే పట్టీ) కనీసం ఒకటిన్నర చుట్లు పడాలి, లేకపోతే జారుతుంది. మూడు దాటితే పొరలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని వదిలేటప్పుడు మొరాయిస్తుంది. అందుకే బిగించడం మొదలుపెట్టే ముందు మిగులు అంతా చేత్తో లాగేయాలి. రాచెట్ హ్యాండిల్ కింది వైపుకు తిరిగి ఉండేలా తలకిందులుగా పెట్టండి, పడ్డ మనిషికి తగలదు. రాచెట్‌ను వేరే తాడుతో చెట్టుకు వదులుగా కట్టి ఉంచండి. ఏదైనా తెగితే అది మీ మీదికి రాకుండా ఆ తాడే ఆపుతుంది. వదిలేటప్పుడు లైను మీద ఎవరూ ఉండకూడదు, లైనుకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. లోపలి మీట లాగి పట్టుకుని హ్యాండిల్‌ను పూర్తిగా 180 డిగ్రీలకు తెరిస్తే బిగువంతా ఒక్క దెబ్బలో పోతుంది. వేళ్లు కడ్డీ దగ్గర ఉంటే నలుగుతాయి.

చెట్టు ఎంచుకోవడంలో బెంగళూరు వాళ్లు తరచూ పొరబడుతుంటారు. నీడ బాగుందని గుల్‌మొహర్‌కు, పసుపు పూల కాపర్‌పాడ్‌కు కట్టేస్తారు. గాలివానలకు ఈ ఊళ్లో ముందు కూలేవాటిలో ఆ రెండూ ఉంటాయి. సిల్వర్ ఓక్ కూడా పెళుసు. మామిడి, చింత, వేప, మహాగని, లావాటి నిద్రగన్నేరు మొదలు అయితే నిబ్బరంగా ఉంటాయి. మొదలు అడ్డకొలత 30 సెంటీమీటర్లకు తగ్గకూడదు. తొర్ర, పుట్టగొడుగులు, మొదట్లో చెదపుట్ట, ఒక పక్కకు లేచిన మట్టి కనిపిస్తే వదిలేయండి. కట్టే ఎత్తు పెరిగిన కొద్దీ చెట్టు వేరు మీద ఒత్తిడి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 2.5 మీటర్ల ఎత్తున 700 కిలోలు లాగడం, ఒక మీటరు ఎత్తున 700 కిలోలు లాగడం వేరువేరు పనులు. రాత్రంతా వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు పొడవు లైన్లు వద్దు. బెరడు మీద కొబ్బరి పీచు పట్ట లేదా రెండు మడతల గోనెసంచి తప్పనిసరి. కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ రెండూ ఉద్యానశాఖ చేతిలో ఉన్నాయి. కాపలావాళ్లు అడ్డుకుంటే వాదించకండి. బెరడు కోసుకుపోయిన ఒక్క చెట్టు కనబడితే మొత్తం ఆటనే ఆపించే హక్కు వాళ్లకు ఉంది, అది న్యాయం కూడా.

40 మీటర్లకు వెళ్లాలంటే 25 మి.మీ. వెబ్బింగ్‌కు మారండి. నైలాన్ బాగా సాగుతుంది, తడిస్తే బలం పది పదిహేను శాతం తగ్గుతుంది, ఎండకు త్వరగా పాడవుతుంది. పాలిస్టర్ తక్కువ సాగుతుంది, ఎండను బాగా తట్టుకుంటుంది. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, చలిగా ఉన్న రోజు కూడా ఎండ తీవ్రత తక్కువేమీ కాదు. కాబట్టి మొదటి పొడవు లైనుకు పాలిస్టర్ అంటాను. తెగే హద్దు 30 కిలోన్యూటన్లకు పైన ఉన్నది, 50 మీటర్లు.

చెట్టుకు కట్టడానికి క్రేన్ల వాళ్లు వాడే పాలిస్టర్ రౌండ్ స్లింగ్ (మెత్తటి తొడుగున్న పట్టీ వలయం) కంటే మంచి వస్తువు లేదు. రంగే దాని శక్తి చెబుతుంది: ఊదా 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3, బూడిద 4, ఎరుపు 5. ఇవి వాడదగిన హద్దులు, తెగే హద్దు దానికి ఏడు రెట్లు. ఆకుపచ్చవి రెండు తీసుకోండి. 60 సెంటీమీటర్ల మొదలుకు 3 మీటర్ల స్లింగ్ సరిపోతుంది. చెట్టు చుట్టూ తిప్పి రెండు చివరలూ షాకిల్‌లో (పిన్నుతో మూసే ఉక్కు కొక్కెంలో) కలిసే చోట కోణం 60 డిగ్రీలు దాటకుండా చూడండి. 60 దగ్గర స్లింగ్ ఒక్కో కాలి (పక్క) మీద లాగుడులో 58 శాతం పడుతుంది, 90 దగ్గర 71 శాతం, 120 దగ్గర ఒక్కో కాలు మొత్తం లాగుడంతా మోస్తుంది. పొట్టి స్లింగ్‌ను మొదలుకు అతికినట్టు చుట్టి షాకిల్ పెట్టే అలవాటుతో మంచి స్లింగ్ బలం కూడా వృథా అవుతుంది, షాకిల్ పక్కలకు లాగబడుతుంది. పై తొడుగు చిరిగి లోపలి దారాలు కనిపిస్తే ఆ స్లింగ్ పని అయిపోయినట్టే.

షాకిల్ అంటే బో షాకిల్, 16 మి.మీ., 3.25 టన్నులది. దాని ఒంటి మీద తయారీదారు పేరు, వాడదగిన హద్దు, బ్యాచ్ గుర్తు అచ్చుపోసి ఉండాలి. ఎస్.జె.పి. రోడ్డులో గుర్తులు లేనివి మూడో వంతు ధరకే దొరుకుతాయి. అవి గేటుకు గొలుసు వేసుకోవడానికి వాడండి. పిన్ను చేత్తో పూర్తిగా బిగించి దాని మీద టేపు చుట్టండి, లైను వణుకుకు పిన్ను మెల్లగా తిరిగి వచ్చేస్తుంది. షాకిల్ ఉండాల్సిన చోట అల్యూమినియం కారబినర్ (స్ప్రింగు గేటున్న క్లైంబింగ్ కొక్కెం) పెట్టకండి. నిలువుగా 22 కిలోన్యూటన్లు మోసేది అడ్డంగా 7 మాత్రమే మోస్తుంది, స్లాక్‌లైన్ దాన్ని ఎప్పుడు అడ్డం తిప్పుతుందో చూస్తూ ఉండలేం.

వెబ్బింగ్ చివరలను ముడి వేయకుండా పట్టుకోవడానికి వెబ్‌లాక్ కావాలి, రెండు వైపులకూ ఒక్కొక్కటి. బిగించడానికి రెండేసి చక్రాల కప్పీలు రెండు, 11 మి.మీ. స్టాటిక్ (దాదాపు సాగని) తాడు 30 మీటర్లు, తాడును ఆపే ఒక బ్రేక్ పరికరం. కారబినర్లలో వెబ్బింగ్‌నే తిప్పి బిగించే పాత పద్ధతి ఒకటి ఉంది, దాన్ని ఎల్లింగ్టన్ అంటారు. 1970ల చివర, 1980ల మొదట్లో అమెరికాలోని యోసెమిటీలో ఈ ఆటకు రూపం ఇచ్చిన ఆడమ్ గ్రొసోవ్‌స్కీ, జెఫ్ ఎల్లింగ్టన్‌లలో రెండో ఆయన పేరే అది. 15 మీటర్ల వరకు బాగుంటుంది, ఆ పైన రాపిడికే సగం శ్రమ పోతుంది. ఏ పద్ధతిలోనైనా తాడు వెళ్లి స్లింగ్ మీదో వెబ్బింగ్ మీదో రాసుకోకూడదు. డైనీమా అనే గట్టి కృత్రిమ దారం 150 డిగ్రీల లోపే కరుగుతుంది, నైలాన్ 220 దగ్గర. బిగువుతో పరిగెత్తే తాడు ఆ వేడిని క్షణాల్లో పుట్టిస్తుంది. గాలికి లైను జుయ్‌మని మోగుతుంటే ఒక చివర వెబ్బింగ్‌ను నాలుగైదు మెలికలు తిప్పి పెట్టండి, ఆగిపోతుంది.

ఇప్పుడు హైలైన్. పైన చెప్పిన లెక్కే వేయండి: 25 మీటర్లు, ఒకటిన్నర మీటరు కుంగు, 70 కిలోలు. వచ్చేది సుమారు 290 కిలోలు. పార్కులో బిగించిన 15 మీటర్ల లైనులో దాదాపు సగం! కాబట్టి హైలైన్‌కు ఇంకా లావు సామాను కావాలనుకోవడం పొరపాటు. అక్కడ వేసుకోవాల్సిన ప్రశ్న వేరు. ఒక్కో వస్తువు మీదా చెయ్యి పెట్టి, "ఇది ఇప్పుడు తెగితే మనిషిని పట్టుకునేది ఏది?" అని అడగాలి. జవాబు లేని వస్తువు ఒక్కటి ఉన్నా లైను ఎక్కకూడదు. 1985లో స్కాట్ బాల్కమ్ యోసెమిటీలోని లాస్ట్ యారో స్పైర్ అనే రాతి స్తంభం మీద మొదటిసారి నడిచిన నాటి నుంచి సామాను చాలా మారింది, ఈ ప్రశ్న మారలేదు. రాచెట్ ఇక్కడ పనికిరానిది అందుకే. దాని కడ్డీ, పళ్లు, మీట అన్నీ ఒకే వరసలో ఉంటాయి, మెల్లగా వదిలే దారి లేదు.

అందుకే ప్రధాన వెబ్బింగ్ కింద రెండో వెబ్బింగ్ బ్యాకప్‌గా వెళ్తుంది. దాని వెబ్‌లాక్, షాకిల్, యాంకర్‌కు చేరే దారి అన్నీ విడిగా ఉండాలి. రెండూ ఒకే షాకిల్‌లో కలిస్తే బ్యాకప్ పేరుకే. రెండు మూడు మీటర్లకు ఒకసారి రెండింటినీ టేపుతో కలిపి, మధ్యలో బ్యాకప్ అరచేయంత లోతున వేలాడేలా ఉంచుతారు. ఎంత వదులు అన్నది ఎక్కువమంది కంటి అంచనాతో వదిలేస్తారు, అది ప్రాణం మీదికి వస్తుంది. 25 మీటర్ల దూరానికి బ్యాకప్ అర మీటరు ఎక్కువ పొడవుంటే, ప్రధాన లైను తెగినప్పుడు మధ్యలో అది 2.5 మీటర్లు కుంగుతుంది. ఒక మీటరు ఎక్కువుంటే 3.6 మీటర్లు. ఇది వెబ్బింగ్ సాగక ముందు లెక్క. దాని మీద సాగు, లీష్ (మనిషిని లైనుకు కట్టి ఉంచే తాడు) ఒకటిన్నర మీటరు, మనిషి ఒళ్లు కలపండి. అడుగున కనీసం 10 మీటర్ల ఖాళీ లేని చోట 25 మీటర్ల హైలైన్ వేయకండి. "మొదటిది కదా, తక్కువ ఎత్తులో వేద్దాం" అన్న ఆలోచన ఇక్కడ తిరగబడుతుంది.

బోల్టుల విషయం. క్లైంబింగ్ బోల్టులకు యూరప్ ప్రమాణం ఈఎన్ 959 అడిగేది అడ్డంగా లాగితే 25 కిలోన్యూటన్లు, రాయిలోంచి బయటికి లాగితే 15. క్లైంబింగ్ మార్గంలోని బోల్టు కిందికి పడే మనిషి కోసం కొట్టింది. మీ లైను దాన్ని ఎదురు గుట్ట వైపు లాగుతుంది. గోడలో ఉన్న బోల్టు అయితే అది సరిగ్గా బయటికి లాగే దిశ, బోల్టు బలహీనంగా ఉండే దిశ. హైలైన్ బోల్టులు గుట్ట పైభాగంలో, లాగుడు రాతి ఉపరితలం వెంట ఉండేలా కొడతారు. గట్టి రాయిలో 12 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టులు ఒక్కో వైపు మూడు తప్పనిసరి, నాలుగైతే బ్యాకప్‌కు విడిగా పంచుకోవచ్చు. బోల్టుకు బోల్టుకు కనీసం 20 సెంటీమీటర్లు, అంచు నుంచి ఇంకా దూరం. వాటిని కలిపే తాడులో ఒక్కో కాలును విడివిడిగా ముడి వేసి నిలపండి. జారే పద్ధతిలో కలిపితే ఒక బోల్టు ఊడినప్పుడు మొత్తం ఒక్కసారిగా జారి మిగతావాటిని కుదుపుతుంది. మన చుట్టూ ఉన్న గ్రానైట్, గ్నైస్ గుట్టలు ఉల్లిపొరల్లా పలకలుగా ఊడుతాయి. సుత్తితో కొట్టి వినండి. ఖంగుమంటే గట్టి రాయి, బోలుగా మోగితే అది కింద అతుక్కోని పలక. ఎవరు, ఎప్పుడు, ఎంత లోతుకు కొట్టారో తెలియని బోల్టు మీద హైలైన్ కట్టకూడదు. బాదామి వెళ్లాలనుకుంటే అక్కడిది ఇసుకరాయి, ఈ లెక్కలేవీ వర్తించవు.

లీష్. రెండు గుండ్రటి ఉక్కు రింగులు ప్రధాన, బ్యాకప్ వెబ్బింగ్‌లు రెండింటి చుట్టూ ఉండాలి. లైను కట్టకముందే ఎక్కించాలి, తర్వాత కుదరదు. అల్యూమినియం రింగులు తేలికే కానీ లోపలి అలసట కంటికి కనిపించదు. రింగుకు బదులు కారబినర్ వేయడం ఏ పరిస్థితిలోనూ వద్దు. 9.5 నుంచి 10 మి.మీ. డైనమిక్ (సాగి కుదుపును తగ్గించే) తాడు, రింగు వైపూ హార్నెస్ (నడుముకూ తొడలకూ వేసుకునే పట్టీలు) వైపూ ఫిగర్ ఎయిట్ ముడి, ఒక చాచిన చేయంత తోక. హార్నెస్‌లో క్లైంబింగ్ తాడు కట్టుకునే రెండు చోట్ల గుండానే ముడి వెళ్లాలి. లీష్‌కు వేలాడినప్పుడు చేయి చాస్తే లైను అందాలి, అందకపోతే తిరిగి ఎక్కలేరు. ప్రతిసారీ, నీళ్లు తాగి వచ్చి మళ్లీ ఎక్కినా సరే, రెండో మనిషి చేత్తో ముడిని పట్టి చూసి పైకి చెప్పాలి. అంచుకు రెండు మీటర్ల లోపల ఉన్న వాళ్లందరూ, ఫొటో తీసేవాళ్లతో సహా, తాడుకు కట్టుకుని ఉండాలి. లైను మొదటి నాలుగైదు మీటర్లలో పడితే గుట్ట గోడకు కొట్టుకుంటారు. అందుకే హెల్మెట్. మొదట్లో ఆ భాగం కూర్చుని జరుగుతూ దాటండి.

ఇదంతా కొండ మీద మొదటిసారి చేయకండి. ఇదే 25 మీటర్ల లైనును ఇవే వస్తువులతో, బ్యాకప్‌తో సహా, రెండు చెట్ల మధ్య భుజం ఎత్తున కట్టండి. నీళ్ల డబ్బాలు వేలాడదీసి, ప్రధాన లైనును కప్పీల ద్వారా మెల్లగా పూర్తిగా వదిలేయండి. బ్యాకప్ బరువు తీసుకుందా, డబ్బాలు ఎంత దిగాయి, రింగులు ఎక్కడైనా టేపుకు ఇరుక్కున్నాయా చూడండి. డబ్బాలు నేలకు తగిలితే ఎందుకు తగిలాయో పైన లెక్కలో ఉంది. కాగితం చూడకుండా ఇద్దరూ విడివిడిగా కట్టగలిగే దాకా ఇది మళ్లీ మళ్లీ చేయాల్సిందే. ఆ తర్వాత కూడా మొదటి హైలైన్ అనుభవం ఉన్న రిగ్గర్ (లైను కట్టే మనిషి) పక్కనుండగా కట్టండి. అంతర్జాతీయ స్లాక్‌లైన్ సంఘం ప్రమాదాల నివేదికలు, సామాను హెచ్చరికలు ప్రచురిస్తుంది. అవి చదివితే ప్రమాదాలు ఎక్కడ జరుగుతాయో అర్థమవుతుంది.

చోటు, కాలం. రామనగరలో రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ డ్రిల్లు పట్టుకుని వెళ్లడం చట్టరీత్యా తప్పు. గూళ్లు కట్టుకునే అంచుల ముందు లైను కట్టడం ఆ పక్షులకు అపకారం, రాబందులు మిగిలిందే కొన్ని. సావనదుర్గ లాంటి చోట్లా అటవీశాఖ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. లైను అవతలికి చేర్చడానికి డ్రోన్ వాడేటట్టయితే 2021 డ్రోన్ నిబంధనల మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో ముందే చూడండి. కొండ తేనెటీగల పట్టులు ఈ గుట్టల నిండా ఉంటాయి. లీష్‌కు కట్టుకుని లైను మధ్యలో ఉన్న మనిషి పరిగెత్తలేడు. ముందు రోజు రెండు గోడలనూ దుర్భిణీతో గాలించండి, ఒక్క పట్టు కనిపించినా చోటు మార్చండి. డ్రిల్లు చప్పుడు, పొగ, అత్తరు వాసన వాటిని రేపుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి లైనును నిలవనివ్వదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండుకల్లా లైను విప్పేయండి, సాయంత్రం పిడుగులు చెప్పి రావు.

కొనేటప్పుడు ఈ వరసలో కొనండి: స్లింగులు, షాకిల్‌లు, వెబ్బింగ్, వెబ్‌లాక్‌లు, కప్పీలు. హైలైన్ సామాను ఆ తర్వాతి మాట. ప్రతి వెబ్బింగ్‌కూ కొన్న తేదీ, ఎన్ని రోజులు ఎండలో ఉంది, ఎక్కడ రాసుకుంది అన్నది ఒక నోటుబుక్కులో రాయండి. విప్పిన ప్రతిసారీ రెండు వేళ్ల మధ్య మొత్తం పొడవూ లాగుతూ తడమండి. గట్టిపడిన చోటు, మెరిసే చోటు, అంచున తెగిన దారం తగిలితే అక్కడ కోసేయండి. మిగిలిన ముక్క పార్కు లైనుకు వస్తుంది.